రామలక్ష్మమ్మ తాలూకా

గోపాలపట్నం బజారులో పూలమ్మే రామలక్ష్మమ్మ మూర సంగతి తెలియని ఆడది ఆ చుట్టుపక్కల లేదు. మూరంటే మోచేతి నుంచి వేలి చివరిదాకా అని లోకమంతా అనుకుంటుంది. ఆవిడ లెక్కలో మాత్రం వేళ్ళు కొంచెం ముడుచుకునే ఉంటాయి. దండని బిగలాగి, మోచేతికి తగిలీ తగలకుండా కొలిచి, చటుక్కున తెంపి, ఎదుటి మనిషి నోరు తెరిచేలోపు ఆకులో చుట్టేస్తుంది. "అదేటి లచ్చిమప్పా, ఇంత సిన్న మూరా" అని ఎవరైనా అంటే, "నా సెయ్యే సిన్నది తల్లీ, కావాలంటే మాయమ్మనడుగు" అంటుంది. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది కాబట్టి అడిగే వీలు ఎవరికీ లేదు.

అలాంటి మనిషి ఒక వేసవి ఉదయాన మూరకి మూరన్నర కొలిచి ఇస్తూ కూర్చుంది. మల్లెలు మంచి గిరాకీలో ఉన్న రోజులు. కొనుక్కున్న వాళ్ళు మాట్లాడకుండా పట్టుకుపోతున్నారు, అదృష్టం కలిసొచ్చినప్పుడు నోరు మెదపకూడదని జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు కదా. పక్క గంప చిట్టమ్మ మాత్రం చూసింది. ఇద్దరూ పక్కపక్కనే పూలమ్ముతూ, రోజూ తిట్టుకుంటూ, ఒకే క్యారేజీలో అన్నం తినే రకం.

"ఏటే లచ్చిమప్పా, ఈరోజు దానకర్ణుడివైపోనావు" అంది చిట్టమ్మ.

రామలక్ష్మమ్మ నవ్వింది. తిరిగి తిట్టలేదు. ఆ తర్వాత కనకాంబరాల దండలో బంతిపువ్వు పెట్టి ముడేసింది. ఒకావిడకి దండ ఇచ్చి డబ్బులడగడం మర్చిపోయింది. చిట్టమ్మ చేతిలో దారం పక్కన పెట్టి ఆవిడనే చూస్తూ కూర్చుంది.

జరిగిందేమిటంటే, తెల్లారగట్ల ఎప్పట్లాగే ఆనందపురంలో పూలు తీసుకుని రామలక్ష్మమ్మ షేర్ ఆటోలో చివర కూర్చుని వస్తోంది. గేదె అడ్డొచ్చిందని డ్రైవరు ఒక్కసారి హేండిల్ తిప్పాడు. ఈవిడ గంపతో సహా రోడ్డు మీద పడింది. తల సిమెంటు గట్టుకి తగిలింది. వెంటనే లేచింది, ముందు పూలేరుకుంది, తర్వాత డ్రైవరు వంశాన్ని తిట్టింది, మళ్ళీ అదే ఆటో ఎక్కింది. చెవి పైన చిన్న బొప్పి తప్ప ఏమీ లేదు. బజారుకొచ్చి టీ తాగి, గేదె కథ అందరికీ నవ్వుతూ చెప్పింది కూడా.

ఎండెక్కేసరికి వాంతి చేసుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. "ఎండదెబ్బ, కాసేపు నీడలో పడుకోబెట్టండి" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. చిట్టమ్మ ఒప్పుకోలేదు.

"పడుకోబెడితే మరి లెగదు. ఈవిడ నా కళ్ళముందు దండ ఊరికే ఇచ్చీసింది. ఒంట్లో పేణముండగా అలాటి పని సేసే మనిషి కాదు. పొద్దుట తల కొట్టుకుంది, ఆ బుర్రలో ఏదో అవుతంది. పదండి" అని ఆటో పిలిచి, తనే ఒళ్ళో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది.

స్కాను తీశారు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి, మెదడుని ఒక పక్కకి నొక్కుతోందన్నారు. పడినప్పుడు బాగానే ఉండి, లేచి నడిచి, మాట్లాడి, కొన్ని గంటల తర్వాత మగతలోకి జారిపోవడం ఈ దెబ్బ స్వభావమట. ఇంకొంచెం ఆలస్యమైతే చేతిలో ఉండేది కాదన్నారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి రక్తం తీసేశారు. తన పిసినిగొట్టు మూరే తనని బతికించిందని రామలక్ష్మమ్మ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

ఇక ఆవిడ మొగుడి సంగతి. పోర్టులో ఓడల మీద సరుకు దించే కళాసీగా చేసి రిటైరయ్యాడు. ఆయన పేరు నేను ఇప్పుడే చెప్పను. ఈ కథంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి ఆవిడ నోట వచ్చినప్పుడే మీరూ వినడం న్యాయం. ఊరంతా ఆయన్ని కళాసీ అంటుంది, మనమూ అలాగే అందాం.

ఐసీయూ గుమ్మం దగ్గర కళాసీకి ఇంకో పేరు పడింది. అక్కడ లోపల పడుకున్న వాళ్ళకే గానీ బయట కూర్చున్న వాళ్ళకి పేర్లుండవు. తలుపు తీసి "రామలక్ష్మమ్మ తాలూకా ఎవరండీ" అని నర్సు కేకేస్తే, కళాసీ లుంగీ సర్దుకుంటూ లేచి "నానేనండి, రామలక్ష్మమ్మ తాలూకా" అంటూ పరిగెత్తేవాడు. ఇన్నేళ్ళూ ఆవిడ కళాసీ పెళ్ళాం. ఇప్పుడు ఆయన ఆవిడ తాలూకా. రోజులన్నీ ఒక్కలాగే ఉండవు మరి.

లోపల నర్సులు గంట గంటకీ వచ్చి మూడు సంగతులు చూసేవారు. కళ్ళు తెరుస్తోందా, మాటలు పొంతనగా ఉన్నాయా, చెప్పినట్టు చెయ్యి కదుపుతోందా. మూడింటికీ కలిపి పదిహేను మార్కులు. ఈ మార్కుల సంగతి అర్థమయ్యాక కళాసీ నర్సులని వదల్లేదు. "ఈసారెన్నండీ" అని అడగడం, బయటికొచ్చి అందరికీ చెప్పడం. పక్క మంచం వాళ్ళు ఓదార్చేవారు, "మావోడికీ ముందు పదకొండేనండి, మాటల్లోనే మార్కులు పోతాయి, కంగారు పడకండి" అని. రామలక్ష్మమ్మకి పదమూడు వచ్చిన రోజున కళాసీ వరండాలో ఉన్న వాళ్ళందరికీ జీళ్ళు పంచాడు. సొంత కూతురు రోజారమణి ఇంటరు పాసైనప్పుడు కూడా ఆయన పైసా తియ్యలేదు. ఆ మాట రోజారమణే అంది.

రామలక్ష్మమ్మకి పూర్తిగా తెలివొచ్చాక మొదట గుండు తడుముకుంది. "సింహాద్రప్పన్నకి ఎప్పుడో మొక్కుకున్నాను, ఇవ్వలేదని ఆయనే గీయించుకున్నాడు" అంది. మాట కాస్త మెల్లగా, ముద్దగా ఉంది గానీ మాట ఆవిడదే. కళాసీ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

ఇంటికి పంపే ముందు డాక్టర్ హరిచందన వచ్చింది. చిన్న వయసు, పెద్ద ఓపిక. మంచం పక్కన కూర్చుని జ్ఞాపకం ఎలా ఉందో చూస్తోంది. ఇది ఏ నెల, ఇది ఏ ఊరు, పొద్దున్న ఏం తిన్నారు. రామలక్ష్మమ్మ చకచకా చెబుతోంది. పక్కనే రోజారమణి తల ఊపుతోంది.

"మీ ఆయన పేరేంటమ్మా?"

రామలక్ష్మమ్మ తల పక్కకి తిప్పి నవ్వింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న ఎవరడిగినా ఆవిడ అదే పని చేసింది. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని పీటల మీద కూర్చోబెట్టేముందు వాళ్ళమ్మ చెవిలో చెప్పింది. అప్పట్నుంచీ పేరు మనసులో అనుకుని, పెదవుల దగ్గర ఆపి, నవ్వి ఊరుకోవడం అలవాటు.

ఈసారి మనసులో అనుకోబోతే పేరు లేదు.

ఆవిడ ఇంకొంచెం వెతికింది. పెట్టెలో అడుగున దాచిన పట్టుచీర కోసం చెయ్యి పెడితే ఖాళీ తగిలినట్టయింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి తన మొగుడే. ఆ బట్టతల, ఆ మెల్లకన్ను, ఆ దగ్గు అన్నీ తెలుసు. పేరొక్కటే రావడం లేదు. ఆవిడ మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది.

"మాయమ్మ సెప్పదండి" అంది రోజారమణి. "మా నాన్న పేరు ఆవిడ నోట మేవెప్పుడూ ఇనలేదు. ఆచారం."

హరిచందన నవ్వేసింది. "మా అమ్మమ్మా అంతే. సరే, ఈ ప్రశ్నకి మార్కు వేసేశాననుకోండి" అంది.

ఆ మార్కు రామలక్ష్మమ్మ గొంతులో ముల్లులా గుచ్చుకుంది. నిజం చెబుదామంటే, మొగుడి పేరే మర్చిపోయిన మనిషిని గంప దగ్గర కూర్చోనిస్తారా? రోజారమణి అప్పటికే తేల్చేసింది. డాక్టరమ్మ మళ్ళీ చూసి అంతా బాగుందంటే సరి, లేదంటే పూల వ్యాపారం కట్టిపెట్టి గాజువాకలో తమ ఇంటికి రావాల్సిందే. మూడో అంతస్తు. కిందికి చూస్తే కార్ల నెత్తులు తప్ప మనుషుల మొహాలు కనిపించవు. దానికంటే ఆసుపత్రే నయమనుకుంది రామలక్ష్మమ్మ. మళ్ళీ చూపించుకునే రోజులోపు పేరు వెతికి పట్టుకోవాలి, ఎవరికీ తెలియకూడదు. అదీ ఆవిడ నిర్ణయం.

ఇల్లు చేరాక ఒళ్ళు ఒక్కసారిగా దారికి రాలేదు. వెలుతురు చూస్తే తలనొప్పి. పక్కింట్లో టీవీ మోగితే కోపం. కాసేపు కూర్చుంటే నీరసం. చారులో ఉప్పు తక్కువైందని కళాసీ మీద గిన్నె విసిరింది, ఆ తర్వాత తనే ఏడ్చింది. ఇలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి, కళాసీ గిన్నె తీసి కడిగి మళ్ళీ చారు పెట్టాడు. ఆయన వంట మీద నా అభిప్రాయం అడక్కండి.

కొన్ని మాటలు కూడా తప్పిపోయాయి. కనకాంబరాలని "ఆ ఎర్రవి, ఆ ఎర్రవి" అనేది. దానికి డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. వస్తువుని చేత్తో పట్టుకుని, దాని పేరు పదే పదే పైకి అనాలి. రోజూ అంటూ ఉంటే మాటకి మళ్ళీ దారి పడుతుంది. రామలక్ష్మమ్మ పువ్వు పట్టుకుని కనకాంబరం కనకాంబరం అంటూ కూర్చుంటే, నాలుగు రోజులకి కనకాంబరం వచ్చి నాలుక మీద కూర్చుంది. మరువం వచ్చింది. చేమంతి వచ్చింది. కానీ మొగుణ్ణి పట్టుకుని అనాలంటే ముందు ఆ పేరేమిటో తెలియాలి కదా.

ఎవరో ఒకరు పిలవకపోతారా అని చెవులు రిక్కించి కూర్చుంది. చిత్రమేమిటంటే ఆ మనిషిని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. కూతురికి నాన్న. అల్లుడికి మావయ్య. వీధికి కళాసీ. పరామర్శకొచ్చిన పోర్టు స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు "బావా, ఎలగుంది సెల్లెమ్మకి" అన్నారే గానీ ఒక్కడూ పేరు పలకలేదు. ఫోను మోగితే ఆయన తీసి "ఆఁ, నానే" అంటాడు. నానే అంటే ఎవరో చెప్పి చావొచ్చు కదా అని ఆవిడకి మండుకొచ్చేది. కాగితాలు చూద్దామంటే ఆవిడకి అక్షరం రాదు.

చివరికి చిట్టమ్మని అడిగింది, గుండె చిక్కబట్టుకుని. "ఒలే సిట్టీ, మా ఆయన్ని బజార్లో అందరూ ఏటని పిలుత్తారే?"

"పిసినారి అంతారు. నిన్ను పెద్ద పిసినారి అంతారు" అంది చిట్టమ్మ.

అప్పుడు గుడి గుర్తొచ్చింది. రామాలయంలో అర్చన చేయిస్తే పంతులుగారు గోత్రం, పేర్లు అడుగుతారు. మగవాడే చెబుతాడు, తన పేరుతో మొదలుపెట్టి చెబుతాడు. ఇంతకంటే తేలిక దారి ఇంకోటి లేదు. "పేణం నిలబడింది కదా, దేవుడికి కొబ్బరికాయ కొడదాం పద" అంది. కళాసీ సంబరపడి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

గుళ్ళో రామలక్ష్మమ్మ ఆయన పక్కనే, చెవి ఆయన భుజానికి ఆనేంత దగ్గరగా నిలబడింది.

"ఎవరి పేరు మీదండీ?" అన్నారు పంతులుగారు.

"రామలక్ష్మమ్మ" అన్నాడు కళాసీ.

"ఇంకా?"

"ఆవిడొక్కర్తిదే సెయ్యండి పంతులుగారూ. దెబ్బ ఆవిడకి తగిలింది. పున్నెమంతా ఆవిడ కాతాలోనే ఎయ్యండి. నాకేటి, నాను బాగానే ఉన్నాను."

పంతులుగారు మంత్రం మొదలుపెట్టారు. రామలక్ష్మమ్మ కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారిపోయాయి. చుట్టూ ఉన్నవాళ్ళు భక్తి అనుకున్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. కళాసీ కంగారుపడి పక్కన కూర్చున్నాడు.

"ఏటే, తలనొప్పా? ఆటో పిలవనా?"

"కాదు."

"మరేటి?"

"నీ పేరు నాకు గుర్తు రాట్లేదయ్యా."

కళాసీ నవ్వాడు. "గుర్తొత్తే మాత్రం సెప్పీసేదానివేటి" అన్నాడు. తర్వాత ఆవిడ మొహం చూసి నవ్వు ఆపేశాడు.

ఇక ఆగలేదు ఆవిడ. "ఆసుపత్రిలో రోజా ఆచారం అంది, నాను ఊరుకున్నాను. అది ఆచారం కాదు, నాకు తెల్దు. నీ మొకం తెలుసు. నీ దగ్గు ఈది సివర్నుంచి ఇంటే తెలుసు. మెత్తళ్ళ కూరంటే నీకు పేణమని తెలుసు. పేరొక్కటే నేదు. పైకి అంటే అరిగిపోద్దని ఇన్నేళ్ళు దాసుకున్నానయ్యా. దాసిన కాడ సూత్తే నేదు."

కళాసీ కొబ్బరి చిప్పలో నీళ్ళు ఒకసారి అటూ ఒకసారి ఇటూ కదిపాడు. "నాకు ముందే సెప్పకపోయావా" అన్నాడు చివరికి.

"నువ్వు బాదపడతావని బయం. రోజా తీసుకుపోద్దని బయం."

ఆయన గొంతు సవరించుకున్నాడు. తన పేరు తనే చెప్పుకోవాలంటే అరవై దాటిన మనిషికి సిగ్గేసింది. వీధి అటూ ఇటూ చూసి, వంగి ఆవిడ చెవిలో చెప్పాడు. పెళ్ళినాడు వాళ్ళమ్మ ఆయుష్షు సంగతి చెప్పిన చెవే అది. "అను" అన్నాడు.

"అమ్మో, నాననను. ఆయుస్సు తగ్గుద్ది."

"నువ్వు అనకుండానే పోర్టులో నా మీద సరుకెత్తే స్లింగు తెగి పడింది. నువ్వు అనకుండానే గుండెకి స్టెంటేసేరు. నువ్వు నోరు మూసుకున్నందుకు నాకు ఒరిగిందేటి సెప్పు?"

రామలక్ష్మమ్మ ఆలోచించింది. మాటలో న్యాయముంది. "మరి నిజంగా తగ్గితే?"

"తగ్గితే నీ మూర తగ్గినట్టు తగ్గుద్ది. ఇన్నాళ్ళూ ఎవడు పట్టుకున్నాడు గనక?"

ఆవిడకి ఏడుపులోనే నవ్వొచ్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. మొదటిసారి పెదవులే కదిలాయి. రెండోసారి గాలి వచ్చింది. మూడోసారి మాటొచ్చింది.

"గవర్రాజు."

ఆ పేరుతో ఆయన మీద మేస్త్రీలు అరిచారు, హాజరుపట్టీలో పిలిచారు, జీతం కౌంటరు దగ్గర కేకేశారు. ఆయన్ని కన్నతల్లి పోయాక ఇంత మెల్లగా ఆ పేరు పలికిన మనిషి లేదు. గవర్రాజు మెట్ల కింద చెప్పుల వైపు చూస్తూ, "ఇంకోసారి అను" అన్నాడు.

"పదిసార్లు అనమంది డాక్టరమ్మ. నువ్వు అడుక్కోనక్కర్లేదు" అంది ఆవిడ.

డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజున హరిచందన మళ్ళీ నెల, ఊరు అన్నీ అడిగి, "మీ ఆయన పేరు వదిలేద్దాం, అది మీ ఆచారం కదా" అంది. రామలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. కూతురి ముందే ఉన్నదంతా చెప్పేసింది. ఆ రోజు వేసింది దొంగ మార్కనీ, దాన్ని కొట్టేసి ఇప్పుడు కొత్తగా వెయ్యమనీ అంది. పేరు చెప్పింది. రోజారమణి కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది, నాన్న పేరు అమ్మ నోట వినడం ఆ పిల్లకి అదే మొదలు.

హరిచందన నవ్వలేదు. రోజూ వాడే మాటకి మెదడులో దారి బాగా నలిగి ఉంటుందనీ, వాడకుండా దాచిన మాట దెబ్బ తగిలినప్పుడు ముందు పూడుకుపోయినా ఆశ్చర్యం లేదనీ వివరంగా చెప్పింది. మర్చిపోవడం తప్పు కాదు గానీ ఇంకెప్పుడూ ఏదీ దాచొద్దంది. గంప దగ్గర కూర్చోవచ్చంది, కానీ నీడలో, ఒంటిపూట మాత్రమే. తెల్లారగట్ల ఆనందపురం ప్రయాణం ఇప్పట్లో కుదరదంది. రోజారమణి ఏదో అనబోయింది.

"ఆనందపురం నానెళతాను" అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి గవర్రాజు.

అలా ఓడల్లో ఉక్కు కట్టలు దించిన మనిషి మల్లెమొగ్గల బుట్టలు మొయ్యడం నేర్చుకున్నాడు. మొదటి రోజు వాడిపోయిన పూలు తెచ్చాడు, తిట్లు తిన్నాడు. రెండో రోజు బేరంలో మోసపోయాడు, ఎక్కువ తిట్లు తిన్నాడు. మూడో రోజున ఆటో దిగి, మంచి కనకాంబరాలే తెచ్చి, తీసుకెళ్ళి ఎండలో పెట్టి నిలబడ్డాడు. బజారు అవతలి పక్క, గొడుగు కింద, నెత్తిన కొత్త జుట్టు మీద కొంగు సర్దుకుంటున్న రామలక్ష్మమ్మకి ఒళ్ళు మండింది.

"గవర్రాజూ, ఆ బుట్ట నీడలో పెట్టు."

బజారు బజారంతా ఆగిపోయింది. చిట్టమ్మ చేతిలో దారం జారిపోయింది. "ఒలప్పా, మొగుణ్ణి పేరెట్టి పిలుత్తన్నావేటే" అంది. టీకొట్టు దగ్గర మగవాళ్ళు ఈ గవర్రాజు ఎవరా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"మందు. డాక్టరమ్మ రాసింది" అంది రామలక్ష్మమ్మ, ముడి వేస్తూనే.

ఆయనకి మొదటిసారే బాగా వినబడింది. రెండోసారి పిలిచేదాకా తల తిప్పలేదు.